గ్రాంటు కంటే టెస్ట్ స్టాండ్ ముఖ్యం

మీ ప్రశ్నలు, మా జవాబులు. ఈ నెల అంశం: రాకెట్లు, ఉపగ్రహాలు, విమానాల పరిశోధనలో ప్రభుత్వ సంస్థలతో కలిసి పనిచేయడం.

ప్రశ్న: స్కైరూట్ ప్రైవేటు కంపెనీ కదా, మరి దాని రాకెట్ మోటారును శ్రీహరికోటలో ఎందుకు పరీక్షించారు? ఇస్రో ఊరికే సాయం చేస్తుందా?
— ఒక పాఠకురాలు, సూళ్లూరుపేట

జవాబు: 2025 ఆగస్టు 8న మీ పక్కనే శ్రీహరికోటలో మండించి చూసిన ఆ మోటారు పేరు కలాం-1200. 11 మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వ్యాసం, లోపల 30 టన్నుల ఘన ఇంధనం. ఆ ఇంధనాన్ని పోతపోసింది కూడా శ్రీహరికోట ప్లాంటులోనే.

ఇంత ఇంధనాన్ని ఒకే దిమ్మగా పోతపోయడం మామూలు విషయం కాదు. లోపల గాలిబుడగ మిగిలినా, పగులు వచ్చినా, ఇంధనం గోడను వదిలేసినా, మండే ఉపరితలం ఒక్కసారిగా పెరుగుతుంది. దాంతో పీడనం పెరిగి కేసింగ్ పగిలిపోతుంది. అందుకే పోతపోశాక ఎక్స్‌రే లాంటి పరీక్షలతో లోపలి లోపాలు వెతుకుతారు. మండించేటప్పుడు మోటారు కదలకుండా పట్టి ఉంచే స్టాండ్ కావాలి, చుట్టూ జనావాసం లేని నేల కావాలి. కొత్త కంపెనీ ఇవన్నీ సొంతంగా కట్టుకుంటే దాని డబ్బంతా కాంక్రీటుకే పోతుంది.

2020లో ఇన్‌స్పేస్ సంస్థను ప్రకటించడానికి ప్రధాన కారణాల్లో ఇదొకటి. అహ్మదాబాద్‌లోని ఈ సంస్థ ప్రైవేటు కంపెనీలకు అనుమతులిస్తుంది, ఇస్రో సదుపాయాలను వాడుకునే దారి చూపిస్తుంది. ఇది ఊరికే చేసే సాయం కాదు, ఒప్పందం ప్రకారం జరిగే పని. మా దృష్టిలో ఈ భాగస్వామ్యాల్లో అన్నిటికంటే విలువైనది ఇదే. గ్రాంటు గురించి అందరూ అడుగుతారు. టెస్ట్ స్టాండ్ గురించి అడిగేవాళ్లు మాత్రం తక్కువ.

ప్రశ్న: బాలానగర్‌లో మాది చిన్న మెషీన్ షాపు. రెండు సీఎన్‌సీ లేత్‌లు, ఒక వీఎంసీ మిల్లింగ్ మెషీన్, పదకొండు మంది పనివాళ్లు. ఇప్పుడు ఫార్మా మెషీన్ల విడిభాగాలు చేస్తున్నాం. ఇస్రో, డీఆర్‌డీవో పనులు చేయాలని ఉంది. ఏ స్కీముకు దరఖాస్తు పెట్టుకోవాలి?
— ఒక వర్క్‌షాపు యజమాని, హైదరాబాద్

జవాబు: ముందు ఏ స్కీముకూ పెట్టకండి. పరిశోధన గ్రాంటు అనేది ఇంకా ఎవరూ చేయని వస్తువును తయారు చేసేవాళ్లకు. మీకు కావలసింది గ్రాంటు కాదు, ఆర్డరు. ఇప్పటికే ఇస్రోకు, రక్షణ ల్యాబ్‌లకు సరఫరా చేస్తున్న పెద్ద కంపెనీ దగ్గర రెండో అంచె సరఫరాదారుగా చేరడం మీకు దగ్గర దారి. ఇస్రో రాకెట్లలో వాడే వికాస్ ఇంజన్ భాగాలు చేసే ఎంటార్ టెక్నాలజీస్ మీ ఊళ్లోనే ఉంది. ఆదిబట్లలో అపాచీ హెలికాప్టర్ల బాడీలు, సీ-130జే విమానాల తోక భాగాలు తయారవుతున్నాయి. ఇలాంటి పెద్ద పనుల చుట్టూ చిన్న షాపులకు జాబ్‌వర్క్ పుడుతుంది.

చిన్న పరిశ్రమగా గుర్తింపునిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ లేకపోతే ఈ వారమే చేయించండి. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు ప్రభుత్వ టెండర్లలో ధరావతు మినహాయింపు ఉంది. సరుకు అందుకున్న కొనుగోలుదారు 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని, ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ ఇవ్వాలని చట్టం చెబుతోంది.

ఆ తర్వాత నాణ్యతా ప్రమాణం ఐఎస్‌వో 9001, దాని మీద విమాన, అంతరిక్ష రంగాల ప్రమాణం ఏఎస్ 9100. సర్టిఫికెట్ గోడకు తగిలించడం తేలికే. దాని ప్రకారం రోజూ నడవడం దగ్గరే షాపులు తడబడతాయి. ఎక్కువగా పొరపాటు జరిగే చోట్లు చెబుతాం.

మొదటిది ముడిసరుకు. ప్రతి కడ్డీకీ అది ఏ పోతలోదో చెప్పే హీట్ నంబరు, దానికి సరిపోయే మిల్ టెస్ట్ సర్టిఫికెట్ ఉండాలి. కడ్డీ కోసినప్పుడు నంబరు ఒక ముక్క మీదే మిగిలిపోతుంది. రెండో ముక్కకు నంబరు లేకపోతే అది ఎంత మేలురకం టైటానియమైనా తుక్కు కిందే లెక్క. కోయకముందే రెండు వైపులా నంబరు వేయండి. వేయడానికి వీల్లేని చోట ట్యాగు కట్టండి.

రెండోది మొదటి నమూనా తనిఖీ, అంటే ఏఎస్ 9102. డ్రాయింగు మీద ప్రతి కొలతకూ, ప్రతి నోటుకూ వరుస నంబరు వేయాలి. ఒక్కో నంబరుకు ఎదురుగా కొలిచిన విలువను అంకెల్లో రాయాలి. ‘ఓకే’ అని రాస్తే చెల్లదు. మెషీన్ మారినా, షాపు వేరే చోటికి మారినా, ఆ భాగం తయారీ రెండేళ్లు ఆగినా మళ్లీ తనిఖీ చేయాలి. ఈ చివరి నియమం మరిచిపోయి తిరస్కరణకు గురయ్యేవాళ్లు ఎక్కువ.

మూడోది ప్లేటింగ్. గట్టి ఉక్కు బోల్టులకు కాడ్మియం పూత వేసేటప్పుడు హైడ్రోజన్ లోహంలోకి దూరుతుంది. బోల్టు చూడ్డానికి బాగానే ఉంటుంది, బిగించిన కొన్ని గంటలకో రోజులకో పుటుక్కున విరుగుతుంది. దీనికి మందు పూత అయిన 4 గంటల్లోపు సుమారు 190 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి, కనీసం 23 గంటలు ఉంచడం. పూత సాయంత్రం పూర్తయి, ‘ఓవెన్‌లో పొద్దున పెడదాంలే’ అనుకుంటే ఆ లాటు పోయినట్టే. ప్లేటింగ్ బయట చేయిస్తుంటే ఓవెన్ చార్టు కాపీ తప్పకుండా అడిగి తీసుకోండి.

టైటానియం పని వస్తే ఒక హెచ్చరిక. ఆ లోహం వేడిని తొందరగా వదలదు, వేడంతా టూలు అంచు మీదే నిలుస్తుంది. కార్బైడ్ టూలుతో నిమిషానికి 40 నుంచి 60 మీటర్ల కోత వేగంతో మొదలుపెట్టండి. కూలెంట్ ధారాళంగా ఉండాలి, టూలు ఒక్కచోట ఆగి రుద్దకూడదు. సన్నటి టైటానియం చిప్స్ అంటుకుంటే నీళ్లు పోయకండి, మంట పెద్దదవుతుంది. లోహాల మంటలకు వాడే డీ క్లాసు పొడి సిలిండరు మెషీన్ పక్కనే పెట్టుకోండి.

ప్రశ్న: మేం ముగ్గురు ఇంజనీర్లం. చిన్న జెట్ ఇంజన్‌కు ఇంధన పంపు డిజైన్ చేశాం. డీఆర్‌డీవో టెక్నాలజీ డెవలప్‌మెంట్ ఫండ్ (టీడీఎఫ్) 90 శాతం ఖర్చు ఇస్తుందని విన్నాం. అంటే మా దగ్గర 10 శాతం ఉంటే చాలు కదండీ?
— ఒక స్టార్టప్ బృందం, విశాఖపట్నం

జవాబు: చాలదు. టీడీఎఫ్ ఒక్కో ప్రాజెక్టుకు 50 కోట్ల రూపాయల వరకు, మొత్తం వ్యయంలో 90 శాతానికి మించకుండా ఇస్తుంది. కానీ ఆ డబ్బు మైలురాళ్ల వారీగా వస్తుంది. పని ముగియాలి, సమీక్ష జరగాలి, కాగితాలు కదలాలి. ఈలోగా జీతాలూ ముడిసరుకూ మీ జేబులోంచే.

లెక్క వేద్దాం. రెండేళ్ల ప్రాజెక్టు, వ్యయం 4 కోట్లు అనుకోండి. మీ 10 శాతం వాటా 40 లక్షలు. నెలకు సగటు ఖర్చు సుమారు 16.7 లక్షలు. ఆరు నెలలు డబ్బు రాకపోయినా నిలబడాలంటే మరో కోటి కావాలి. 1.4 కోట్లు చేతిలో లేకుండా, లేదా బ్యాంకు మాట ఇవ్వకుండా సంతకం చేయొద్దు.

ఇంకో సంగతి. టీడీఎఫ్‌లో అవసరం సైన్యం వైపు నుంచో డీఆర్‌డీవో వైపు నుంచో వస్తుంది. పోర్టల్‌లో వచ్చిన ఆ అవసరానికి మీరు ప్రతిపాదన పెడతారు. కాబట్టి మీ పంపు ఏ ప్రకటనకు సరిపోతుందో ముందు చూడండి. సరిపోకపోతే రక్షణ శాఖ వారి మరో పథకం ఐడెక్స్ ఉంది. దాని సాధారణ గ్రాంటు 1.5 కోట్ల వరకు ఇస్తుంది, అయితే మీరూ అంతే పెట్టాలి. కాలేజీని కలుపుకుంటే టీడీఎఫ్ ప్రాజెక్టులో దాని పని 40 శాతం దాటకూడదు. తయారైన మేధోసంపత్తి మీకూ డీఆర్‌డీవోకూ ఉమ్మడిది. పంపులో మీరు ముందే కనిపెట్టిన భాగం ఉంటే దానికి ముందే పేటెంటు దరఖాస్తు వేసి, ఒప్పందంలో ‘పాత ఆస్తి’గా విడిగా రాయించుకోండి.

మైలురాయి వాక్యాన్ని ఎలా రాస్తారన్నదే ప్రాజెక్టు తలరాత. ‘పంపు సంతృప్తికరంగా పనిచేయాలి’ అని రాశారంటే, ఆ సంతృప్తి ఎవరిదన్న గొడవ మొదలవుతుంది. ‘ఫలానా వేగంలో, ఫలానా పీడనంతో, ఫలానా ఇంధనంతో 30 నిమిషాలు నడవాలి, లీకు ఇంతకు మించకూడదు’ అని అంకెలు పెట్టండి. పరీక్ష ఎవరి రిగ్గు (పరీక్ష యంత్రం) మీద, ఎవరి సమక్షంలో జరుగుతుందో రాయండి. ప్రభుత్వ రిగ్గు ఖాళీ దొరక్క ఆలస్యమైతే అన్ని రోజులూ మీ గడువుకు కలిపే షరతు అడగండి. చాలామంది ఈ షరతు అడగరు. రిగ్గు కోసం వరుసలో నిలబడి, తమ తప్పు లేకుండానే గడువు దాటిన పేరు తెచ్చుకుంటారు.

మైలురాళ్ల పద్ధతి ఎంత కఠినంగా ఉంటుందో తెలియాలంటే అమెరికా ఉదాహరణ చూడండి. 2006లో నాసా అంతరిక్ష కేంద్రానికి సరుకు చేరవేసే వాహనాల కోసం స్పేస్‌ఎక్స్‌ను, రాకెట్‌ప్లేన్ కిస్లర్‌ను ఎంచుకుంది. మైలురాయి దాటితే ముందే నిర్ణయించిన సొమ్ము ఇస్తారు, దాటకపోతే లేదు. ప్రైవేటు పెట్టుబడి తేవడం కూడా ఆ మైలురాళ్లలో ఒకటి. కిస్లర్ ఆ పెట్టుబడి తేలేకపోయింది. 2007 అక్టోబరులో నాసా ఒప్పందం రద్దు చేసింది, మిగిలిన డబ్బుకు మళ్లీ పోటీ పెట్టి 2008లో ఆర్బిటల్ సైన్సెస్‌ను తీసుకుంది. స్పేస్‌ఎక్స్ డ్రాగన్ 2012 మేలో, ఆర్బిటల్ సిగ్నస్ 2013లో కేంద్రానికి చేరాయి. కిస్లర్‌ను ముంచింది పెట్టుబడి కొరత.

ప్రశ్న: ఉపగ్రహం మొత్తం తయారు చేసే స్తోమత మా కాలేజీకి లేదు. ఒక చిన్న సెన్సర్ ప్రయోగాన్ని అంతరిక్షంలోకి పంపే మార్గం ఉందా?
— ఇంజనీరింగ్ విద్యార్థుల బృందం, విజయవాడ

జవాబు: ఉంది. పీఎస్‌ఎల్‌వీ ఉపగ్రహాలను వదిలాక దాని నాలుగో దశ కక్ష్యలోనే మిగులుతుంది. దానికి సౌరఫలకాలు, దిశ నిలకడ వ్యవస్థ జోడించి ప్రయోగశాలగా వాడతారు. దాని పేరు పోయెమ్, తొలిసారి 2022 జూన్ 30న పీఎస్‌ఎల్‌వీ సీ-53తో ఎగిరింది. 2024 డిసెంబరు 30న వెళ్లిన పోయెమ్-4లో 24 ప్రయోగాలుంటే వాటిలో 10 ప్రభుత్వేతర సంస్థలవి. ఇస్రో పంపిన బొబ్బర్లు నాలుగు రోజుల్లో మొలకెత్తింది అందులోనే. దరఖాస్తు ఇన్‌స్పేస్ డిజిటల్ వేదికలో పెట్టాలి.

కరెంటూ సమాచార ప్రసారమూ ఆ వేదికే చూసుకుంటుంది కాబట్టి మీ పెట్టె సరిగా ఉంటే చాలు. తరగతి గదిలో పనిచేసిన పెట్టె అక్కడ ఎందుకు ఆగిపోతుందో వినండి. శూన్యంలో గాలి ఉండదు, ఫ్యాను పనికిరాదు. వేడెక్కే చిప్ నుంచి బయటి పెట్టె దాకా రాగి లేదా అల్యూమినియం పట్టీ వేసి వేడిని దారి మళ్లించాలి. పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో త్రీడీ ప్రింట్ చేసిన భాగాలు 60 డిగ్రీల దగ్గరే మెత్తబడతాయి, వాడొద్దు. జిగురు, వైరు తొడుగు, టేపు శూన్యంలో ఆవిరులు వదిలి పక్కవాళ్ల కటకాల మీద పొర కడతాయి. 125 డిగ్రీల శూన్యంలో 24 గంటలుంచితే బరువు తగ్గుదల 1 శాతం లోపు, చల్లటి ఉపరితలం మీద పేరుకునేది 0.1 శాతం లోపు ఉన్న పదార్థాలే ఎంచుకోండి. జింకు, కాడ్మియం పూతలు, శుద్ధ తగరపు పూత నిషిద్ధం. పైకెళ్లేటప్పటి కుదుపుకు ఊగిపోయే పెద్ద కెపాసిటర్లను, కనెక్టర్లను అంతరిక్షానికి పనికొచ్చే సిలికోన్‌తో అతికించండి. రేడియేషన్ వల్ల ప్రాసెసర్ బిగుసుకుపోతే తనంతట తానే రీస్టార్ట్ అయ్యేలా వాచ్‌డాగ్ టైమరు పెట్టండి.

వ్యర్థాలు మిగలకూడదని వేదికను సుమారు 350 కిలోమీటర్ల కక్ష్యకు దించుతారు. అక్కడ గంటన్నరకోసారి భూమి చుట్టూ తిరుగుతుంది. మొదటి కొన్ని వారాల్లోనే ఫలితం వచ్చేలా ప్రయోగం రూపొందించుకోండి.

ప్రశ్న: డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు మా రాకెట్ భాగాల కంపెనీలో పెట్టుబడి పెడతానంటున్నాడు. ఇబ్బందేమైనా ఉందా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: 2024 నుంచి విడిభాగాల తయారీలో నూరు శాతం, ఉపగ్రహాల తయారీలో 74 శాతం, రాకెట్లలో 49 శాతం వరకు విదేశీ పెట్టుబడికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. కాబట్టి భాగాల కంపెనీకి చిక్కులేదు. అయితే రేపు టీడీఎఫ్‌కు వెళ్లాలనుకుంటే విదేశీ వాటా 49 శాతం దాటకూడదు, కంపెనీ ఇక్కడ నివసించే భారతీయుల అదుపులో ఉండాలి. వాటాలు రాసే ముందే చార్టర్డ్ అకౌంటెంట్‌తో కూర్చోండి.

ప్రశ్న: ఇస్రో చిన్న ఉపగ్రహాల రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ టెక్నాలజీని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్)కు ఇచ్చేశారట. డ్రాయింగులు ఇస్తే రాకెట్ వచ్చేస్తుందా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: రాదు, అందుకే ఒప్పందంలో రెండేళ్ల శిక్షణ పెట్టారు. 2025 జూన్‌లో హెచ్‌ఏఎల్ 511 కోట్ల రూపాయల బిడ్‌తో గెలిచింది. తుది పోటీదారుల్లో హైదరాబాద్‌లోని భారత్ డైనమిక్స్ నాయకత్వంలోని కూటమి కూడా ఉంది. 24 నెలల్లో ఇస్రో చేయిపట్టి నడిపిస్తుండగా రెండు రాకెట్లు కట్టడం ఇందులో కీలకం.

డ్రాయింగులో ఉండని జ్ఞానం అంటే ఏమిటో ఆ రాకెట్ చరిత్రే చెబుతుంది. 2022 ఆగస్టు 7న మొదటి ప్రయోగంలో రెండో దశ విడిపోయేటప్పుడు పుట్టిన కంపనం, అనుకున్నదానికంటే ఎక్కువసేపు యాక్సిలరోమీటర్లను (వేగంలో మార్పును కొలిచే సెన్సర్లను) ముంచెత్తింది. సెన్సర్లు బాగానే ఉన్నా, పాడయ్యాయని కంప్యూటర్ తీర్మానించింది. ఉపగ్రహాలు నిలవలేని కక్ష్యలో పడ్డాయి. తర్వాత ఆ దశను విడదీసే వ్యవస్థనే తక్కువ కుదుపు ఇచ్చే బ్యాండ్ రకానికి మార్చారు, కంప్యూటర్ తర్కాన్ని సరిచేశారు. 2023 ఫిబ్రవరి 10న రెండో ప్రయోగం నెగ్గింది. కొత్త డ్రాయింగులో ఆ బ్యాండ్ కనిపిస్తుంది. పాతది ఎందుకు వద్దనుకున్నారో, తర్కంలో ఎన్ని మిల్లీసెకన్లు ఆగి నిర్ణయం తీసుకోవాలో ఆ ఫలితాలు చూసినవాళ్లు పక్కన కూర్చుని చెప్పాలి.