బొలెరో పికప్‌కి అదే రంగు సెకండ్ హ్యాండ్ డోరు మన నెల్లూరు, ఒంగోలు వైపు దొరుకుతుందా?

కావలిలో మీ 2017 తెల్ల బొలెరో పికప్‌కి క్లీనర్ సైడు డోరు నొక్కుకుపోయిందనీ, కొత్త డోరు రేటు అందడం లేదనీ, అదే తెలుపులో పాత డోరు కావాలనీ అడిగారు. దొరుకుతుందండీ. కానీ రంగు చూసి మాత్రం కొనొద్దు. నేను అలాగే కొని చేతులు కాల్చుకున్నాను.

మాదీ తెల్ల పికప్పే. గూడూరు నిమ్మకాయల మార్కెట్లో లోడు దించి రివర్స్ తీస్తుంటే పక్కనున్న లారీ బంపరు కొన తగిలి డోరు అడ్డంగా చీలింది. మన వైపు వాళ్లు పాత సామాను కోసం ముందు నెల్లూరు ఆటోనగర్ చూస్తారు, లేదంటే పైకి విజయవాడ ఆటోనగర్, కిందికి చెన్నై పుదుపేట. నేను తిరిగి తిరిగి ఒక షాపులో తళతళలాడే తెల్ల డోరు పట్టుకున్నాను. "కంపెనీ పెయింటు సామీ, తీసుకెళ్లి బిగించుకోవడమే" అన్నాడాయన. పెయింటు ఖర్చు మిగిలిందని సంబరపడ్డాను.

బిగించాక చూస్తే పైన చిటికెన వేలు దూరేంత సందు, కింద కాగితం కూడా దూరదు. అది యాక్సిడెంట్ బండి డోరు, ఫ్రేమే మెలితిరిగి ఉంది. టింకరింగ్ మేస్త్రి చెక్క అడ్డం పెట్టి మోకాలితో ఎంత నొక్కినా పూర్తిగా కూర్చోలేదు. నవంబరు వానలకు నీళ్లు లోపలికి దిగి సీటు స్పాంజి కుళ్లింది. ఆ తర్వాత కింది అంచున పుట్టీ అట్టులా పెచ్చు లేచింది. దాని వెనక రేకు జల్లెడ. పోనీ రంగన్నా కలిసిందా అంటే, ఎండకి పాలిపోయిన మా బండి పక్కన అది కొత్త సున్నం కొట్టినట్టు కనిపించేది. తెలుపంతా ఒక్కటే తెలుపు కాదని అప్పుడు తెలిసింది.

రెండోసారి చూసి చూసి మట్టిరంగు డోరు తెచ్చాను. రంగు కలవదని ఎవరూ అడగని డోరు కాబట్టి రేటు కూడా తగ్గించాడు. దానికి మా బండి తెలుపు కలిపి కొట్టించాం. ఇప్పుడు మా బండి చూసి డోరు మార్చామని ఎవరూ పట్టుకోలేరు.

కొనేటప్పుడు డోరుని చదునైన నేల మీద పడుకోబెట్టండి. ఏ మూలైనా లేచి ఊగితే మెలి ఉన్నట్టే, రేటు ఎంత తగ్గించినా వదిలేయండి. ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్లి, గీతలు పడకుండా కాగితం చుట్టి, కింది జానెడు భాగమంతా తడమండి. పట్టు వదిలిన చోట పుట్టీ మందంగా ఉన్నట్టు. డోరు తిరగేసి కింద నీళ్లు కారే చిల్లులు చూడండి, మట్టితో మూసుకుపోయి ఉంటే లోపలి నుంచి తుప్పు తింటుంది. కొత్తపట్నం, కృష్ణపట్నం లాంటి సముద్రం ఒడ్డున తిరిగిన బండి సామానైతే ఇంకా జాగ్రత్త. రొయ్యల బండి డోరైతే లోపలి అట్ట వాసన చూస్తే చాలు, వేరే పరీక్ష అక్కర్లేదు!

మోడల్ పేరు చెప్పి ఊరుకోవద్దు. పికప్, క్యాంపర్, మ్యాక్సీ ట్రక్ అన్నిటినీ బొలెరో అనే అంటాం. వీలైతే మీ పాత డోరు ఊడదీసి వెంట తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి చూడండి. కుదరకపోతే కబ్జాల బోల్టుల మధ్య దూరం టేపుతో కొలిచి, లాక్, అద్దం ఫ్రేమ్ ఫొటోలు తీసుకెళ్లండి. అద్దం, అద్దం తిప్పే మిషను, లాక్ రేటులో కలిసి ఉన్నాయా లేదా ముందే తేల్చుకోండి. లాక్ మాత్రం మీ పాత డోరుదే మార్పించుకోండి, లేకపోతే ఒక్క బండికి రెండు తాళంచెవులు మోయాలి. బీడింగ్ రబ్బరు కొత్తదే వేయించండి.

పెయింటుకి ముందే ఒకసారి బిగించి, సందులు సరిచూశాకే రంగు కొట్టించండి. ఇక్కడ తొందరపడొద్దు. కలర్ కలిపే షాపుకి కంపెనీ కోడ్ ఒక్కటే చెప్తే కొత్త బండి తెలుపు వస్తుంది. మీ బండి మీద సొట్టపడని చోట పాలిష్ పట్టించి, దాన్ని చూపించి కలిపించండి. మా మేస్త్రి పక్కనున్న ముందు ఫెండర్ మీద కూడా పల్చగా కొట్టి కలిపాడు, తేడా అందుకే తెలియలేదు.

బిల్లు లేకుండా కొనొద్దు. బిల్లు ఇవ్వనంటే ఆ సామాను ఎక్కడిదో అని అనుమానించాల్సిందే.

ఇవన్నీ చేసే ముందు ఇన్సూరెన్స్ కాగితం ఒకసారి తీయండి. గూడ్స్ బండ్లకు బానెట్, మడ్‌గార్డు, సైడు భాగాలు, పెయింటు లాంటివి దెబ్బతింటే, పాలసీలో ఐ.ఎం.టి. 23 అనే అదనపు కవర్ ఉంటేనే క్లెయిమ్ లెక్కలోకి వస్తాయి. అది ఉన్నా, ఐదేళ్లు దాటి పదేళ్ల లోపు బండికి ఇనుప భాగాల మీద 40% తరుగు కోస్తారు. పైగా నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. మాకు ఆ లెక్క వేస్తే సెకండ్ హ్యాండ్ డోరే చవక పడింది.

పాత డోరుని ఊరికే ఇచ్చేయకండి. లాక్‌తో పాటు హ్యాండిల్, అద్దం బాగుంటే అవి కూడా ఊడదీసుకుని, మిగిలిన రేకు ఆ షాపులోనే కాటా పెట్టించి రేటులో తగ్గించుకోండి.