చైనాలో కియాకి ఏమైంది? మావాడి ఉద్యోగం ఉంటుందా?

ప్రశ్న: మా అబ్బాయి పెనుకొండ దగ్గర కియాకి విడిభాగాలు చేసే కంపెనీలో రెండేళ్లుగా పనిచేస్తున్నాడు. చైనాలో విదేశీ కార్ల కంపెనీలు వరసగా దెబ్బతింటున్నాయని, అందులో కియా కూడా ఉందని టీవీలో విన్నాను. అంత పెద్ద కంపెనీలు నిన్నగాక మొన్న వచ్చినవాళ్ల ముందు ఎందుకు నిలవలేకపోతున్నాయి? మావాడి ఉద్యోగానికి ముప్పుందా? రాత్రిళ్లు ఇదే టెన్షన్.
– ఎస్., హిందూపురం

జవాబు: ముందు మీ చివరి మాటకు జవాబు చెబుతాను. అక్కడ కియా దెబ్బతిన్నంత మాత్రాన ఇక్కడ మీవాడి ఉద్యోగానికి ముప్పు రాదు. సుజుకీనే చూడండి. చైనాలో నిలవలేక 2018లో తయారీ నుంచి తప్పుకుంది, మన రోడ్ల మీద మాత్రం ఎటు చూసినా మారుతీలే. కానీ అక్కడ జరిగింది మీవాడు తెలుసుకోవాల్సిన కథే.

చైనాలో కియా ఊరు యాన్‌చెంగ్, షాంఘైకి ఉత్తరాన ఉంటుంది. 2016లో కియా ఆ దేశంలో సుమారు ఆరున్నర లక్షల కార్లు అమ్మింది. మరుసటి ఏడాది దక్షిణ కొరియా తన గడ్డ మీద అమెరికా క్షిపణి రక్షణ వ్యవస్థను పెట్టుకోవడంతో చైనాలో కొరియా సరుకు మీద వ్యతిరేకత రేగింది. కియా అమ్మకాలు దాదాపు సగానికి పడిపోయాయి. కోపం కొన్నాళ్లకు చల్లారింది, కొనేవాళ్లు మాత్రం తిరిగి రాలేదు. ఈలోగా గీలీ, చాంగాన్ లాంటి అక్కడి కంపెనీలు అంత బాగున్న కారునే తక్కువ ధరకు ఇవ్వడం నేర్చుకున్నాయి. 2019లో యాన్‌చెంగ్‌లోని తన మొదటి ఫ్యాక్టరీలో కియా తయారీ ఆపేసింది. మన పెనుకొండలో సెల్టోస్ తయారీ మొదలైంది కూడా ఆ ఏడాదే.

ఖాళీ అయిన ఆ షెడ్లలోకి హైఫై అనే కొత్త చైనా ఎలక్ట్రిక్ కార్ల బ్రాండు వచ్చింది. చాలా ఖరీదైన కార్లు. 2024 ఫిబ్రవరిలో అదీ ఆగిపోయింది. అందుకే 'విదేశీవాళ్లు ఓడారు, చైనావాళ్లు గెలిచారు' అన్న టీవీ మాట సగమే నిజం అంటాను.

ఇక పెద్ద కంపెనీలు ఎందుకు వెనకబడ్డాయంటే, ధర ఒక్కటే కారణం కాదు. ఫోక్స్‌వ్యాగన్ 1984లోనే షాంఘైలో అడుగుపెట్టింది. అప్పట్లో విదేశీ కంపెనీ అక్కడి కంపెనీతో కలిసే కార్లు చేయాలి, వాటా సగం దాటకూడదు. ఆ పద్ధతిలో ఏళ్ల తరబడి లాభాలు బాగా వచ్చాయి, తొందరపడాల్సిన అవసరం కనపడలేదు. మరోపక్క షెన్‌జెన్‌లో వాంగ్ చువాన్‌ఫు 1995లో బ్యాటరీల కంపెనీగా బీవైడీని పెట్టారు. 2003లో ఒక చిన్న కార్ల కంపెనీని కొన్నారు. బ్యాటరీ, మోటారు, చిప్పులు కూడా సొంతంగా చేసుకోవడం మొదలుపెట్టారు. ఎలక్ట్రిక్ కారులో అన్నిటికంటే ఖరీదైనది బ్యాటరీయే కదా, అది చేతిలో ఉన్నవాడిదే పైచేయి. 2023లో బీవైడీ చైనాలో ఎక్కువగా అమ్ముడయ్యే బ్రాండుగా ఫోక్స్‌వ్యాగన్‌ను దాటేసింది.

ఇంకో కారణం వేగం. అది నేను కళ్లారా చూశాను. కారంతా నరాల్లా పాకే వైర్ల కట్టను వైరింగ్ హార్నెస్ అంటారు. 19 ఏళ్లు నాది అదే పని, అందులో మూడేళ్లు చైనాలోని సుజౌలో. ఒక యూరప్ కస్టమర్‌కి తలుపు లోపలి క్లిప్పును 12 మిల్లీమీటర్లు జరపాల్సి వచ్చింది. ఫారాలు, మీటింగులు, సంతకాలు అన్నీ అయ్యేసరికి నాలుగు నెలలు పట్టింది. అదే ఏడాది ఒక చైనా కొత్త కంపెనీ ఇంజనీరు సాయంత్రం ఏడింటికి ఫొటో మీద ఎర్రగీత గీసి పంపి, పొద్దున్నే శాంపిల్ కావాలన్నాడు. నలుగురం రాత్రంతా వైర్లు అమర్చే బోర్డు ముందు నిలబడి టేపు చుట్టాం. తొమ్మిదింటికి ఆయనే వచ్చి, నేల మీద మోకాళ్లు ఆనించి కారు తలుపులో బిగించి చూశాడు. సరిపోలేదు. మధ్యాహ్నానికి ఇంకొకటి చేసిచ్చాం. నాలుగో రోజుకి పని పూర్తయింది. ఆ రోజే నాకు భయం వేసింది, గౌరవమూ కలిగింది.

పెద్దవాళ్లకూ ఇది అర్థమైంది. 2023లో ఫోక్స్‌వ్యాగన్ సుమారు 70 కోట్ల డాలర్లు పెట్టి షావ్‌పెంగ్ అనే కొత్త కంపెనీలో 5 శాతం వాటా తీసుకోవడానికి ఒప్పందం చేసుకుంది. కలిసి కార్లు చేయడం, వాళ్ల సాఫ్ట్‌వేర్ వాడుకోవడం కోసం. కియా కూడా యాన్‌చెంగ్‌ను పూర్తిగా వదిలేయలేదు. ఇప్పుడు అక్కడ చేసే కార్లలో ఎక్కువ భాగం ఎగుమతికే పోతున్నాయి.

మీవాణ్ని ఒక్క మాట అడగండి: నువ్వు చేసే భాగం ఏది? సీటు, లైటు, వైరింగ్ అయితే ఏ కారుకైనా కావాల్సిందే. సైలెన్సరో, పెట్రోలు పైపో అయితే మాత్రం ఇప్పటినుంచే ఇంకో పని నేర్చుకోమనండి, ఎలక్ట్రిక్ కారుకి అవి అక్కర్లేదు. కియా మన దేశంలో చేసిన తొలి ఎలక్ట్రిక్ కారు, కేరెన్స్ క్లావిస్ ఈవీ, 2025 జూలైలో వచ్చింది. అది తయారవుతున్నది మీ పక్కనే ఉన్న ఆ ఫ్యాక్టరీలోనే.

ప్రశ్న: చైనా కార్లు అంత చౌకగా ఎలా ఇస్తున్నారు? ఆ భారం ఎవరి మీద పడుతోంది?
– డిగ్రీ విద్యార్థిని, వరంగల్

జవాబు: మంచి ప్రశ్న అడిగావమ్మా. బ్యాటరీ దగ్గర్లోనే దొరకడం, భారీ ఉత్పత్తి, ఏళ్లపాటు అందిన సర్కారు సబ్సిడీలు, ఇవన్నీ కారణాలే. కానీ చాలా భారం మోసేది విడిభాగాలు ఇచ్చే చిన్న కంపెనీలు. సరుకు ముందు పోతుంది, డబ్బు నెలల తర్వాత వస్తుంది. మా దగ్గర సరుకు తీసుకున్న ఒక కొత్త కంపెనీ మూతపడ్డప్పుడు దానికోసం చేసిన 40 పెట్టెల హార్నెస్‌లు గోడౌన్‌లోనే ఉండిపోయాయి. ఇంకే కారుకీ పనికిరావు. రాగి ధరకు తూకానికి అమ్మాం. మాతో టేపు చుట్టిన కుర్రాళ్లలో ఇద్దరిని ఆ నెలే ఇంటికి పంపాల్సి వచ్చింది. 2025 జూన్‌లో బీవైడీతో సహా పెద్ద కంపెనీలు 60 రోజుల్లోపు బిల్లులు చెల్లిస్తామని మాటిచ్చాయి. ఆ వార్త చూడగానే నాకు ఆ పెట్టెలే కళ్లముందు కదిలాయి.