కాలేజీ కుర్రాళ్ల కోసం లైంగిక హింస మీద పెట్టే అవగాహన ప్రచారాలు నిజంగా పనిచేస్తాయా?

"మా ఇంజినీరింగ్ కాలేజీలో అబ్బాయిల కోసం అవగాహన వారం పెట్టమన్నారు. ర్యాలీ, పోస్టర్లు, ప్రతిజ్ఞ అనుకుంటున్నాం. ఫలితం ఉంటుందా?" అని అడిగారు. ర్యాలీకి ఉండదండీ. ప్రతిజ్ఞకీ ఉండదు. పోస్టర్‌కి ఉంటుంది, కాకపోతే దాన్ని ఎవరి కోసం రాశారు, ఎక్కడ అంటించారు అన్నదాన్ని బట్టి.

ముందు ఆ 'ఎవరి కోసం' సంగతి తేల్చుకోండి. మన దగ్గర ఏ పోస్టర్ చూసినా ఒక అమ్మాయి మోకాళ్లలో తల దాచుకుని ఏడుస్తుంటుంది, వెనకాల ఓ నల్లటి చెయ్యి. అది చూసి ఏ కుర్రాడూ తన గురించి అనుకోడు. ఎక్కడో చీకట్లో మాటు వేసినవాడి గోల అనుకుని ముందుకు పోతాడు. నేర గణాంకాల బ్యూరో లెక్కలు తీయండి, ఏటా అత్యాచారం కేసుల్లో 90 శాతానికి పైగా నిందితుడు ఆమెకు తెలిసినవాడే. క్లాస్‌మేట్, వరసకు బావ, పక్కింటివాడు, ప్రేమిస్తున్నానన్నవాడు. వాడికీ ఫ్రెండ్స్ ఉంటారు. వాడి తీరు ఎటు పోతోందో వాళ్లలో ఒకడికైనా ముందే తెలుస్తుంది. మీ ప్రచారం ఆ ఒక్కడి కోసం. వెధవ పని చేసేవాణ్ణి మార్చాలని బయల్దేరితే మిగతా క్లాసంతా "మేం కాదుగా" అని చేతులు దులుపుకుంటుంది.

కెనడాలోని ఎడ్మంటన్‌లో 2010లో ఈ కిటుకు కొంత పట్టుకున్నారు. పోలీసులు, బాధితులకు అండగా ఉండే సంస్థలు కలిసి 'అలాంటివాడివి కాకు' అనే అర్థం వచ్చే పేరుతో పోస్టర్లు వేశారు. ఒకదాంట్లో సోఫాలో మత్తుగా పడి ఉన్న అమ్మాయి. వద్దని అనలేదంటే సరేనన్నట్టు కాదని కింద ఒకే వాక్యం. వాటిని అంటించింది ఎక్కడో తెలుసా? బార్లలో, మగవాళ్ల టాయిలెట్లలో. మందు కొట్టినవాడు ఒంటరిగా నిలబడి, ఎదురుగా గోడ తప్ప చూడ్డానికి ఇంకేమీ లేని అర నిమిషం అది. మళ్లీ టేబుల్ దగ్గరికి వెళ్లే ముందు ఆ వాక్యం కంట్లో పడుతుంది. 2011లో వాంకూవర్ కూడా అందుకుంది. ఆ ఏడాది లైంగిక దాడుల ఫిర్యాదులు సుమారు 10 శాతం తగ్గాయని అక్కడి పోలీసులు ప్రకటించారు. ఆ తగ్గుదల పోస్టర్ చలవే అని నేననను, ఒక్క ఏడాది ఫిర్యాదుల లెక్కతో అది తేలదు. చోటు ఎంచుకున్న తెలివి మాత్రం మనం అప్పనంగా తీసుకోవచ్చు.

మన క్యాంపస్‌లో అలాంటి చోట్లంటే హాస్టల్ బాత్రూం అద్దం పక్కన, మెస్‌లో చెయ్యి కడుక్కునే చోట, కాలేజీ బస్సులో వెనక సీట్లకి ఎదురుగా. గేటు దగ్గర ఇరవై అడుగుల ఫ్లెక్సీ దండగ, అందులో సగం నాయకుల మొహాలే ఉంటాయి. ఏ4 సైజు చాలు. లామినేషన్ తప్పనిసరి, లేకపోతే తేమకి వారంలో ఉబ్బి ఊడిపోతుంది. చేతికి అందే ఎత్తులో పెడితే మీసాలు గీస్తారు. ఒక పోస్టర్‌కి ఒకే వాక్యం, అదీ వాళ్లు మాట్లాడుకునే తెలుగులో. "ఆ ఫోటో ఫార్వర్డ్ చేస్తే అందులో నువ్వూ ఉన్నట్టే రా" లాంటిది. నెలకోసారి మార్చండి, ఆపైన అది గోడలో కలిసిపోతుంది. కింద మీ కాలేజీ ఫిర్యాదుల కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు వేయండి. యూజీసీ 2015 నిబంధనల ప్రకారం ఉండి తీరాల్సిన కమిటీ అది. చాలాచోట్ల దాని వివరాలు నోటీసు బోర్డు అద్దం వెనక తాళం వేసుకుని కూర్చుంటాయి.

"నీకూ అక్కాచెల్లెళ్లు ఉన్నారు కదా" అని మాత్రం దయచేసి రాయకండి. ఎవడో ఒకడికి చెల్లెలైతేనే ఆమె మనిషి అన్నట్టుంటుంది. పైగా కుర్రాడు మనసులో ఇచ్చుకునే జవాబు కూడా సిద్ధంగా ఉంటుంది: ఈమె నా చెల్లెలు కాదుగా!

సెక్షన్లు రాస్తే కొత్తవి రాయండి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చినా వెంటపడటానికి ఇంకా ఐపీసీ 354డి అనే అచ్చేస్తున్నారు. ఇష్టం లేదని స్పష్టంగా తెలిసినా మళ్లీ మళ్లీ వెంటపడటం, మెసేజ్‌లు పెట్టడం ఇప్పుడు సెక్షన్ 78 కిందికి వస్తుంది. మొదటిసారి 3 ఏళ్ల దాకా, రెండోసారి 5 ఏళ్ల దాకా జైలు. మన సినిమాల్లో హీరో ఇంటర్వెల్ దాకా చేసేది ఇదే, అది వేరే ఏడుపు. సెక్షన్ 77లో కుర్రాళ్లు ఊహించని వివరణ ఒకటుంది. ఏకాంతంలో ఫోటో తీయడానికి ఆమే ఒప్పుకున్నా, ఇంకొకరికి పంపడానికి ఒప్పుకోకపోతే, పంపడం నేరమే. ఈ ముక్క చెప్పగానే బెంచీ కింద ఫోన్లు తీసి ఏదో వెతుక్కునేవాళ్లు కనిపిస్తారు.

పోస్టర్ తలుపు తడుతుందంతే. అసలు పని చిన్న గదిలో జరగాలి. ఆడిటోరియంలో 400 మందిని కూర్చోబెడితే ఈలలు తప్ప ఏమీ రాలవు. ఒకే బ్రాంచి, ఒకే ఇయర్, 20 నుంచి 25 మంది, గంట సేపు, వారానికోసారి చొప్పున కనీసం నాలుగు వారాలు. మొదటి రెండూ అబ్బాయిలతోనే.

మొదటి రోజు చీటీలతో మొదలుపెట్టండి. ప్రతివాడికీ ఒక చీటీ, రెండు ప్రశ్నలు. గ్రూపులో క్లాస్ అమ్మాయి ఫోటో పెట్టి కామెంట్లు చేస్తుంటే నీకు ఇబ్బందిగా ఉంటుందా, ఉండదా? ఈ గదిలో ఎంతమందికి ఇబ్బందిగా ఉంటుందని నీ అంచనా? మొదటిదానికి టిక్కు, రెండోదానికి అంకె, అంతే. చేతిరాత పట్టేస్తారు కాబట్టి ఒక్క అక్షరం కూడా రాయించకూడదు. పెన్నులు అందరికీ మీరే ఒకే రంగువి ఇవ్వండి. చీటీలు లెక్చరర్ వసూలు చేయకూడదు, డబ్బాలో వేయించాలి. తర్వాత ఒక కుర్రాణ్ణే పిలిచి బోర్డు మీద లెక్క వేయించండి. సాధారణంగా ఇబ్బందిగా ఉందన్నవాళ్ల సంఖ్య అందరి అంచనా కన్నా బాగా ఎక్కువ వస్తుంది. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పడ్డాక గది ఒక్కసారి సద్దుమణుగుతుంది. నాకొక్కడికే నచ్చట్లేదేమో అని ఇన్నాళ్లూ నవ్వుతూ కూర్చున్నవాడు పక్కవాడి మొహం చూస్తాడు. మీరు ఆ క్షణంలో ఉపన్యాసం అందుకోకండి, నోరు మూసుకోండి.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. ఎక్కువమంది ఇబ్బంది లేదని టిక్కు పెట్టారనుకోండి, అది బోర్డు మీదకి ఎక్కిందంటే మీ ప్రచారమే వాళ్లకి ధైర్యం ఇచ్చినట్టు. అందుకే ముందు మీరు డబ్బా విప్పి తిరగేయండి. లెక్క అటు తిరిగితే ఆ రోజుకి బోర్డు జోలికి పోకుండా సెక్షన్ 77 చర్చలోకి వెళ్లిపోండి.

రెండో రోజు నుంచి నోటితో సాధన. ఫ్రెండ్ అలాంటి పని చేస్తుంటే ఆపడానికి మూడు దారులు. నేరుగా అనడం: "తియ్ రా అది, బాలేదు." దారి మళ్లించడం: "రేయ్, హెచ్‌ఓడీ నిన్ను వెతుకుతున్నాడు, పద." తనవల్ల కాకపోతే ఇంకొకరికి అప్పజెప్పడం: సీనియర్, వార్డెన్, బస్సు డ్రైవర్, అదీ కాకపోతే 112. ఇద్దరిద్దర్ని నిలబెట్టి గొంతెత్తి అనిపించాలి, కాగితం మీద రాయిస్తే లాభం లేదు, అవసరమైనప్పుడు నోరు పెగలదు. మొదటి రౌండంతా నవ్వులే, పట్టించుకోకండి, మూడో రౌండుకి మాట అతుకుతుంది. రెండు చోట్ల తప్పుదారి పడుతుంది. ఒకడు హీరో అయిపోయి కాలర్ పట్టుకుంటాడు, కొట్టడం లేదని ముందే చెప్పండి. ఇంకొకడు తిన్నగా అమ్మాయి దగ్గరికెళ్లి "ఈ టైంలో నీకిక్కడేం పని" అంటాడు. అక్కడే ఆపి, మాట్లాడాల్సింది ఎవడితోనో మళ్లీ చేయించండి.

నడిపేది ఎవరన్నది సగం బలం. బయటి నుంచి వచ్చిన వక్త కన్నా ఆటలు నేర్పే పీడీ సార్ మాట, టీం కెప్టెన్ మాట ఎక్కువ చెల్లుతుంది. అమెరికాలో ఆటల కోచ్‌ల చేత సీజన్ పొడుగునా వారానికి 10, 15 నిమిషాలు ఈ సంగతులు మాట్లాడించే కార్యక్రమం ఒకటి ఉంది. కాలిఫోర్నియాలోని శాక్రమెంటో స్కూళ్లలో పరీక్షిస్తే, తోటివాళ్లు అమ్మాయిలతో తప్పుగా ప్రవర్తిస్తుంటే అడ్డుపడే కుర్రాళ్లు పెరిగారని 2012లో వెలువడ్డ ఫలితాలు చెప్పాయి. దాన్నే ముంబైలో 'పరివర్తన్' పేరుతో క్రికెట్ కోచ్‌లకి అప్పజెప్పారు. మీ పీడీ సార్‌కి అమ్మాయిల మీద జోకులేసే అలవాటుంటే మాత్రం ఆయన్ని పక్కన పెట్టండి.

ఫస్ట్ ఇయర్‌లో 18 నిండని పిల్లలుంటారు. వాళ్లలో ఒకడు వచ్చి చిన్నప్పుడు తనకే జరిగింది చెప్పొచ్చు, మగపిల్లలకీ జరుగుతుంది. పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పి తీరాలి. ఈ సంగతి సెషన్ మొదట్లోనే అందరికీ చెప్పేయండి, "ఎవరికీ చెప్పను" అని మాటిచ్చి తర్వాత ఇరుక్కోకండి. అమ్మాయిలకైతే మహిళా హెల్ప్‌లైన్ 181, బాధిత మహిళలకి సాయం చేసే జిల్లా సఖి కేంద్రం నంబర్లు చేతిలో ఉంచుకోండి.

ఫలితం కొలవడానికి ప్రతిజ్ఞ పత్రాలు లెక్కపెట్టకండి. మూడు నెలలాగి మళ్లీ చీటీలు పంచండి: ఈ మధ్య అలాంటిది చూశావా, చూస్తే ఏం చేశావు? కమిటీకి ఫిర్యాదులు పెరిగితే ప్రిన్సిపాల్‌గారు కంగారుపడతారు. మొదట్లో పెరగాలనీ, ఇన్నాళ్లూ రానివే ఇప్పుడు వస్తున్నాయనీ ఆయనకి ముందే చెప్పి పెట్టుకోండి.

ఇక ముఖ్య అతిథి. తప్పదంటే నాలుగో వారం అయ్యాక పిలవండి, పది నిమిషాలు, మైకు లేకుండా. మొదటి రోజే పిలిస్తే జ్యోతి ప్రజ్వలన, శాలువాలు అయ్యేసరికి గంట గడిచిపోతుంది. లంచ్ బెల్ కొట్టాక హాల్లో మిగిలేది ముందు వరసలోని ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలే.