అటక మెట్ల కోసం ఎఫ్‌డీ బ్రేక్ చేయాలా?

ప్రశ్న: మా ఇంట్లో అటకపైకి వెళ్లే మడత మెట్ల తాడు తెగిపోయింది. ఎక్కుతుంటే మెట్లు ఊగుతున్నాయి కూడా. చూడ్డానికి వచ్చినాయన మొత్తం తీసేసి కొత్తవి పెట్టించుకోమన్నారు. దీనికి ఎఫ్‌డీ బ్రేక్ చేయమంటారా, ఈఎమ్‌ఐ తీసుకోమంటారా?

జవాబు: ప్రస్తుతానికి రెండూ వద్దండి. మీరు మూడు వేర్వేరు ఖర్చుల్ని కలిపి ఒకే పెద్ద ఖర్చుగా చూస్తున్నారు. అందుకే టెన్షన్.

తాడు ఖర్చు అసలు లెక్కలోకే రాదు. తాడు, మెట్లను మూసి ఉంచే సీలింగ్ తలుపు పలకలోని రంధ్రం గుండా పైకి వెళ్లి, అక్కడ ముడితో ఆగుతుంది. రాపిడికి తెగుతుంది, లేదా ముడి జారిపోతుంది. గట్టి స్టూలు మీద నిలబడి, తలుపు అంచు సందులో స్క్రూడ్రైవర్ దూర్చి మెల్లగా దించండి. తలుపు ఒక్కసారిగా మీదికి రావచ్చు కాబట్టి పక్కన ఇంకొకరు ఉండాలి. కొత్త నైలాన్ తాడు ఎక్కించి, పైవైపు రంధ్రం కంటే పెద్ద వాషర్ వేసి, దాని మీద ముడి వేయండి. తాడు కొస కాస్త కాల్చి కరిగిస్తే పోగులు విడిపోవు. కింది కొస మాత్రం చిన్నపిల్లలకు అందనంత ఎత్తులోనే ఉంచండి.

తర్వాత ఆ ఊగడం సంగతి. మెట్లు పూర్తిగా దించి పక్కనుంచి చూడండి. మడత దగ్గర రెండు ముక్కల మధ్య సందు కనిపిస్తోందా? కాళ్లు నేలకు పూర్తిగా ఆనుతున్నాయా? బరువు మెట్ల గుండా నేరుగా నేలకు దిగాలి. సందు ఉంటే ఆ బరువంతా కీలు మీద పడుతుంది. బోల్టులు వంగుతాయి, నట్లు వదులవుతాయి. చాలాసార్లు నట్లు బిగించి, కాళ్ల పొడవు సరిచేస్తే సరిపోతుంది. చట్రాన్ని పైకప్పు దూలాలకు సన్నపాటి జిప్సమ్ బోర్డు స్క్రూలతో బిగించి ఉంటే వాటిని తీయించి, మందమైన ల్యాగ్ స్క్రూలు (కర్రలోకి దిగే, బోల్టు తల ఉన్న పెద్ద స్క్రూలు) వేయించండి. పక్క కర్ర చీలితే మాత్రం అతుకులు పనికిరావు. ఇక ఎక్కడం మానేయండి.

తలుపుకు రెండు పక్కలా ఉండే స్ప్రింగుల జోలికి మాత్రం మీరు వెళ్లొద్దు. తలుపు దించినప్పుడు అవి సాగి బాగా బిగుసుకుని ఉంటాయి. పని తెలిసినవాళ్లతో రెండూ ఒకేసారి మార్పించండి. ఇక్కడ కూలి డబ్బు మిగుల్చుకోవాలని చూడటం పొదుపు అనిపించుకోదు.

ఇప్పుడు ఆ పనాయన్ని ఎస్టిమేట్ విడివిడిగా రాసివ్వమనండి: కీళ్లు, స్ప్రింగులు, కూలి, కొత్త మెట్లు. రిపేరు ఖర్చు కొత్తవాటి ధరలో సగం దాటితే, మెట్లు కూడా పాతబడి ఉంటే, కొత్తవే నయం. అప్పుడు ఇప్పుడున్న ఖాళీ కొలతకు సరిపోయే మోడల్ వెతకండి. 22.5 × 54 అంగుళాలు చాలా మోడళ్లకు వాడే కొలత. సైజు కుదరకపోతే సీలింగ్ కోయాలి. బిల్లు పెరిగేది అక్కడే. మెట్లు ఎంత బరువు మోయగలవో మోడల్ మీద 113 కిలోలు, 159 కిలోలు ఇలా రాసి ఉంటుంది. అందులో మీ బరువే కాదు, మీరు మోసే పెట్టె బరువు కూడా కలిసే ఉంటుంది.

డబ్బు విషయానికొస్తే, తలుపు మూసి వాడకం ఆపగలిగితే ఇది ఎమర్జెన్సీ కాదు. అటక మీద ఏసీ యూనిట్ లాంటిది ఉంటే వేరు సంగతి. పాత సామాన్లే అయితే కొన్నాళ్లు ఆగినా వాటికొచ్చే నష్టం లేదు (నిజానికి సగం పారేయాల్సినవే అయ్యుంటాయి). ఇంత చిన్న పనికి గడువుకు ముందే ఎఫ్‌డీ తీస్తే వడ్డీలో కోత పడొచ్చు. వడ్డీలేని ఈఎమ్‌ఐ అన్నా ప్రాసెసింగ్ ఫీజు చూసుకోండి. ఇంటి ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోవద్దు. అరుగుదలకు పాలసీలు సాధారణంగా డబ్బివ్వవు.

ఇంటి మరమ్మతులకు విడిగా ఒక రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. ఇంటి విలువలో ఏడాదికి 1 శాతం పక్కన పెట్టడం వాడుకలో ఉన్న లెక్క; స్థలం ధర వదిలేసి కట్టడం విలువకే లెక్కేసుకోండి. పాత ఇంటికి నేనైతే ఇంకాస్త ఎక్కువే వేస్తాను. ఈ రిపేరుకు మాత్రం రెండు మూడు నెలలు విడిగా దాచిన డబ్బు చాలొచ్చు. బిల్లులో స్ప్రింగుల జతకు గ్యారంటీ ఎంతకాలమో కూడా రాయించుకోండి.