వాడి తీర్మానం వాడినే రాసుకోనివ్వండి

ప్రశ్న: ఏటా డిసెంబరు 31 రాత్రి మేం నలుగురం కూర్చుని కొత్త సంవత్సరం తీర్మానాలు రాసుకుంటాం. నేను వాటిని చార్టుల మీదకెక్కించి ఫ్రిజ్‌కి అతికిస్తాను. పాటించిన రోజున స్టారు, జనవరి 31న లెక్క. కిందటిసారి మావారు నాలుగో రోజుకే చేతులెత్తేశారు. నా నడక మూడు వారాలు సాగింది. అబ్బాయికి పదిహేనేళ్లు. కొత్త సంవత్సరం నాడు మా అన్నయ్యా వాళ్లు వచ్చినప్పుడు సరదాగా వాడి లిస్టు చదివి వినిపించాను. అందరూ నవ్వారు, వాడు లేచి గదిలోకి వెళ్లిపోయాడు. ఈసారి సెలవులకు మళ్లీ అందరూ వస్తున్నారు. వాడేమో ‘నేనేం రాయను, అసలు బయటికే రాను’ అంటున్నాడు. తీర్మానాలు నెలాఖరు దాకా నిలబడాలంటే ఏం చేయాలి? స్టార్ల బదులు బహుమతులు పెట్టమంటారా? వాడి చార్టు ఫోటో పంపుతున్నాను.

జవాబు: అమ్మా, మీరడిగినదానికి జవాబు చిన్నదే, ముందు అది చెప్పేస్తాను. మనిషికి ఒకటే తీర్మానం చాలు. ‘రోజూ నడవాలి’ అని కాకుండా ‘పిల్లలు స్కూలుకి వెళ్లగానే తలుపు తాళం వేసి ఇరవై నిమిషాలు నడుస్తాను’ అని రాసుకోండి. ఎప్పుడు, ఎక్కడ, ఏ పని అయ్యాక అన్నది తేలకపోతే అది ఉత్త కోరికగానే మిగిలిపోతుంది. నెలాఖరు లెక్క మానేయండి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాల పాటు గమనిస్తే, కొత్త పని అలవాటుగా కుదురుకోవడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే సరిపోయాయి, కొందరికి 254 దాకా పట్టవచ్చని లెక్క తేలింది. జనవరి 1న మొదలుపెడితే 66 రోజులు నిండేది మార్చి మొదటి వారంలో. మీరేమో సగం దారిలోనే ఫలితాలు ప్రకటించేస్తున్నారు. నడుమ ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టం లేదని కూడా అదే పరిశీలన చెప్పింది. కానీ మీ చార్టులో తప్పిన రోజు ఖాళీ గడిగా ఉండిపోయి, ఫ్రిజ్ తెరిచిన ప్రతిసారీ కనిపిస్తుంది. మీవారు నాలుగో రోజుకే వదిలేయడంలో వింతేమీ లేదు.

ఒకటో తేదీనే మొదలుపెట్టాలన్న పట్టు కూడా అక్కర్లేదు. అర్ధరాత్రి దాటేదాకా మేలుకుని, ఇంటినిండా చుట్టాల్ని పెట్టుకుని, మర్నాడు తెల్లవారుజామునే లేచి నడవడం ఎవరి వల్లా కాదు. ఏడాది ఎప్పుడు మొదలవ్వాలన్నది మనుషులు పెట్టుకున్నదే. ఇంగ్లండులో 1752కు ముందు అధికారికంగా ఏడాది మార్చి 25న మొదలయ్యేది. చుట్టాలు వెళ్లాక వచ్చే మొదటి సోమవారం నిక్షేపంలా పనికొస్తుంది.

ఇక అసలు సంగతికి వద్దాం. మీ ఇంట్లో నిలబెట్టుకోవాల్సింది తీర్మానాలను కాదు, మీ అబ్బాయికి మీ మీద ఉన్న నమ్మకాన్ని.

ఆ ఫోటో చూశాను. ఏడు వరసలున్నాయి. ఆరు వరసలు స్కెచ్ పెన్నుతో, గుండ్రటి పెద్దవాళ్ల చేతిరాతలో ఉన్నాయి. ఫోను తగ్గించాలి, లెక్కల్లో మార్కులు పెరగాలి, చెల్లితో పోట్లాడకూడదు, గది సర్దుకోవాలి, ఇలాంటివి. అన్నిటికన్నా అడుగున, పెన్సిలుతో, కాస్త వంకరగా ‘రోజూ ఒక బొమ్మ’ అని ఉంది. వాడు రాసుకున్నది అదొక్కటే. మిగతా ఆరూ మీరు వాడి మీద చేసిన ఫిర్యాదులు, కాకపోతే వాడి పేరు కింద రాశారు. వాటినే మేనమామ ముందు, అత్తయ్య ముందు, తన ఈడు బావా మరదళ్ల ముందు చదివారు. మీకది సరదా కావచ్చు. వాడికది లెక్కల్లో వెనకబడ్డానని, ఫోను వదలనని నలుగురిలో కన్నతల్లి వేసిన చాటింపు. మీవారి లోపాలను అలా మీ అన్నయ్య ముందు కాగితం పెట్టి చదువుతారా? చదవరు. ఆయన పరువు మీ పరువు అనుకుంటారు. పదిహేనేళ్ల పిల్లవాడి పరువు కూడా అంతే. ఇంట్లోవాళ్ల లోపాలు గడప దాటకూడదు. ఈ విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను, తల్లికి అసలే ఇవ్వను.

బహుమతుల మాటకొస్తే, వద్దు. పెన్సిలు వరసలో 11వ తేదీ దాకా స్టార్లున్నాయి, తర్వాత ఏమీ లేదు. 1973లో అచ్చయిన ఒక ప్రయోగంలో మనస్తత్వ శాస్త్రవేత్త మార్క్ లెపర్, ఆయన సహచరులు బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న నర్సరీ పిల్లల్లో కొందరికి గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే ఆశ పెట్టారు. ఒకటి రెండు వారాల తర్వాత చూస్తే, ఏ ఆశా చూపని పిల్లలతో పోలిస్తే వాళ్లు దాదాపు సగం సేపే గీశారు. మీవాడు పెద్దవాడే, అయినా తన ఇష్టంతో మొదలుపెట్టిన పనికి మీరు హాజరుపట్టీ పెట్టారు, పైగా దాని మీద నలుగురూ నవ్వారు. ఆ తర్వాత పెన్సిలు పట్టుకోవాలని వాడికెందుకు అనిపిస్తుంది?

చుట్టాలు రావడానికి వారం ముందే వాడికి క్షమాపణ చెప్పండి. వాళ్ల నాన్నతో రాయబారం పంపకండి. గది గుమ్మంలో నిలబడి కూడా వద్దు. ఇద్దరూ పక్కపక్కన ఉండి చేతులు పనిలో ఉన్నప్పుడు, బట్టలు మడతపెడుతున్నప్పుడో బండి మీద వెళ్తున్నప్పుడో చెప్పండి, మొహంలో మొహం పెట్టి చూడాల్సిన ఇబ్బంది ఉండదు. మూడు ముక్కలు చాలు: ‘ఆరోజు నీ లిస్టు అందరి ముందూ చదివాను. అది తప్పు. ఇంకెప్పుడూ చేయను.’ చాలామంది తల్లిదండ్రులు పాడుచేసేది దీని తర్వాతే. ‘నీ మంచి కోసమేరా’ అనో, ‘కానీ నువ్వు కూడా...’ అనో తోక తగిలిస్తారు. అప్పుడిక మిగిలేది ఆ తోకే. ‘మరి ఈసారి రాస్తావా?’ అని ఆ రోజు అడిగారంటే అది బేరమవుతుంది. వాడు ‘సరేలే’ అని ఊరుకుంటే అదే గొప్ప. ఏమీ అనకపోయినా మళ్లీ కదపకండి. ఆ చార్టు ఇంకా మీ దగ్గరుంటే వాడి చేతికివ్వండి, దాచుకుంటాడో చింపుకుంటాడో వాడి ఇష్టం.

చుట్టాలొస్తే మీ ఇంట్లోనూ ముందు ఖాళీ చేయించేది వాడి గదే అయ్యుంటుంది. తప్పకపోతే వాళ్లు గుమ్మంలోకి వచ్చాక చెప్పకుండా ఇప్పుడే అడగండి. ఎన్ని రాత్రులో చెప్పండి. ఒక అలమర తాళంతో సహా వాడికే వదిలేయండి, బొమ్మల పుస్తకాలు అందులో ఉంటాయి.

31 రాత్రి మీరు ముగ్గురూ రాసుకోదలిస్తే రాసుకుని, మడిచి ఎవరి సొరుగులో వాళ్లు పెట్టుకోండి. పైకి చదవడం ఇక ఉండకూడదు. చిన్నది సరదా పడితే రాస్తుంది, దాన్నీ బలవంతపెట్టకండి. వాడికి కాగితం ఇవ్వకండి, కావాలంటే పాటలు పెట్టే పని అప్పగించండి. అయినా గదిలోనే ఉంటానంటే ఉండనివ్వండి. పన్నెండింటికి తలుపు తట్టి, శుభాకాంక్షలు చెప్పి, మీరు తింటున్నదేదో వాడికీ ఇచ్చి వచ్చేయండి. ఫిబ్రవరిలోనో ఏప్రిల్లోనో వాడే వచ్చి ఏదైనా మొదలుపెడతానంటే, ఎప్పుడు ఎక్కడ అని ఒక్కసారి అడిగి, అక్కడితో ఆపండి.

మీ అన్నయ్యకు మాత్రం వాళ్లు బయల్దేరకముందే ఫోను చేయండి. మార్కుల ఊసు, లిస్టు ఊసు ఎత్తొద్దని, పిల్లలతో కూడా చెప్పమని చెప్పండి. నొచ్చుకుంటారేమోనని మొహమాటపడకండి. మరిచిపోయి ఎవరైనా ‘ఈసారి ఏం రాశావురా?’ అని అడిగితే, వాడు జవాబు వెతుక్కునేలోగా మీరే ‘మేం ఆ చార్టులు మానేశాం’ అని అందుకుని మాట మార్చేయండి.