కన్సల్టెన్సీ లెక్కలో మీ వయసు లేదు

ప్రశ్న: తొమ్మిదేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌గా పనిచేస్తున్నాను. ఈ నెలతో 34 నిండాయి. మా పాపకు ఐదేళ్లు. తనతో గడిపినప్పుడే మనసు తేలికపడుతోంది, ఆఫీసంటే గుండె బరువెక్కుతోంది. ఆస్ట్రేలియా వెళ్లి చిన్నపిల్లల టీచరు కావాలనుంది. ఏడాది కోర్సు చేస్తే వర్క్ వీసా, ఆ వెంటనే పీఆర్ (శాశ్వత నివాసం) అని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. మావారు మాత్రం ‘లక్షలు పోసి ఆయా పనికి వెళ్తావా?’ అంటున్నారు. అత్తగారు పాపను తన దగ్గరే ఉంచమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: మీవారి మాట తర్వాత చూద్దాం. ముందు క్యాలెండర్ తీయండి.

ఆస్ట్రేలియాలో చదివినవాళ్లకు ఇచ్చే వర్క్ వీసా 485. 2024 జులై నుంచి దానికి వయసు పరిమితి 35, అంటే 36వ పుట్టినరోజు లోపే దరఖాస్తు చేయాలి. పరిశోధన డిగ్రీ చేసినవాళ్ల వంటి కొద్దిమందికే మినహాయింపు. పైగా అక్కడ కనీసం 92 వారాల కోర్సు చదివి ఉండాలి, అది కూడా 16 నెలలకు తగ్గకుండా. ఇంగ్లిష్ పరీక్ష, అడ్మిషన్, స్టూడెంట్ వీసా అన్నీ సాఫీగా జరిగినా మీరు క్లాసులో కూర్చునేసరికి 34 ఏళ్ల ఎనిమిది నెలలు. ఏడాది కోర్సయితే వయసు సరిపోతుంది, 92 వారాలు నిండవు. రెండేళ్ల మాస్టర్స్ అయితే వారాలు నిండుతాయి, వయసు 36 దాటుతుంది. కుదించిన పదహారు నెలల కోర్సు తీసుకున్నా మీ 36వ పుట్టినరోజు దగ్గరకే వస్తుంది. ఎటు చూసినా 485 మీకు దాదాపు మూసుకుపోయినట్టే. ఈ లెక్క చెప్పని కన్సల్టెన్సీకి ఒక్క రూపాయి కూడా అడ్వాన్స్ కట్టకండి.

485 లేకపోతే కోర్సు అయ్యాక స్టూడెంట్ వీసాలో మిగిలే గడువు చాలా కొద్ది. ఆలోపే చిన్నపిల్లల టీచర్ల అర్హతలు చూసే సంస్థ ఏసెక్వా నుంచి మదింపు తెచ్చుకుని, నామినేషన్ అక్కర్లేని 189 శాశ్వత వీసాకో, ఏదో ఒక రాష్ట్రం నామినేట్ చేసే 190 శాశ్వత వీసాకో, 491 తాత్కాలిక వీసాకో ఆహ్వానం అందుకోవాలి. ఈ వీసాలకు పిలిచేది పాయింట్లను బట్టి, అవి కూడా లెక్కేద్దాం. 33 నుంచి 39 ఏళ్ల మధ్య వయసుకు 25. మాస్టర్స్‌కు 15. అక్కడ రెండేళ్లు చదివినందుకు 5. మీవారికి తగినంత ఇంగ్లిష్ ఉంటే 5. ఐఈఎల్‌టీఎస్‌లో నాలుగు విభాగాల్లోనూ 7 వస్తే 10. మొత్తం 60, కనీస అర్హత 65. సాఫ్ట్‌వేర్‌లో మీ తొమ్మిదేళ్ల అనుభవానికి టీచర్ దరఖాస్తులో ఒక్క పాయింటూ రాదు, ఎందుకంటే అనుభవం ఆ వృత్తిలోనిదే కావాలి. నాలుగింటిలోనూ 8 తెచ్చుకుంటే ఇంగ్లిష్‌కే 20 వచ్చి మొత్తం 70 అవుతుంది. అక్కడి అనువాదకుల సంస్థ నాటీ పెట్టే సీసీఎల్ అనే భాషా పరీక్ష తెలుగులోనూ ఉంది. అది పాసైతే ఇంకో 5. రాష్ట్రం నామినేట్ చేస్తే 190కి 5, 491కి 15 కలుస్తాయి. లెక్క కుదరదని కాదు గానీ, ఇదంతా కోర్సు ముగిసిన కొద్ది నెలల్లో తేలాలి. తేలకపోతే అప్పుతో ఇంటికి తిరిగి రావడమే. ఉద్యోగం ఇచ్చే సంస్థే స్పాన్సర్ చేసే 482కి ఆ వృత్తిలో ఏడాది అనుభవం అడుగుతారు. కొత్తగా చదువు ముగించినవాళ్లకు అక్కడే చుక్కెదురు.

అందుకే దారిని తిరగేసి చూడండి. మీకు ఇప్పుడున్న వృత్తితోనే ముందు శాశ్వత నివాసానికి ప్రయత్నించవచ్చు. ఐటీ అర్హతల్ని ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ (ఏసీఎస్) మదింపు చేస్తుంది. చదివిన చదువు, చేసిన పని ఒకదానికొకటి దగ్గరగా ఉంటే సాధారణంగా మొదటి రెండేళ్ల అనుభవాన్ని కోసేస్తుంది. మీకు ఏడేళ్లు మిగిలితే 10 పాయింట్లు. వయసు 25, డిగ్రీ 15, ఇంగ్లిష్‌లో అన్నీ 8 అయితే 20, మీవారి ఇంగ్లిష్ 5, సీసీఎల్ 5, కలిపి 80. ఐటీ వాళ్ల మధ్య పోటీ తీవ్రం కాబట్టి ఇదీ ఖాయమని చెప్పలేం. కానీ ఇందులో ఖర్చయ్యేది పరీక్ష ఫీజులు, మదింపు ఫీజులే. ఉద్యోగం పోదు, ఇల్లు కదలదు. 189 గానీ 190 గానీ చేతికొస్తే టీచర్ కోర్సును అక్కడ స్థానికుల ఫీజుతో చదివే అవకాశం ఉంటుంది, చదువు తర్వాతి వీసా బెంగా ఉండదు. ఒక్కటి గుర్తుంచుకోండి: 491 ఐదేళ్ల తాత్కాలిక వీసా, దానితో స్థానికుల ఫీజు వస్తుందని ముందే అనుకోవద్దు.

‘ఏడాది కోర్సు’ మాట బహుశా న్యూజిలాండ్ నుంచి ఇటు కలిసిపోయి ఉంటుంది. అక్కడ డిగ్రీ ఉన్నవాళ్లు ఏడాది గ్రాడ్యుయేట్ డిప్లొమా చేసి టీచింగ్ కౌన్సిల్‌లో నమోదు కావచ్చు. చదువు తర్వాతి వర్క్ వీసాకు 35 అనే గీత కూడా లేదు. దేశం మీద పంతం లేకపోతే ఆ వివరాలు విడిగా కనుక్కోండి.

ఆస్ట్రేలియానే అనుకుంటే కోర్సు పేర్ల దగ్గర జాగ్రత్త. సర్టిఫికెట్ 3, డిప్లొమా చేస్తే మీరు ‘ఎడ్యుకేటర్’ అవుతారు, టీచర్ కారు. టీచర్ కావాలంటే డిగ్రీ స్థాయి కోర్సు చదవాలి, అది ఏసెక్వా ఆమోదించిన జాబితాలో ఉండాలి. ఆ జాబితా ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు, కాలేజీ మాటే నమ్మనక్కర్లేదు. మన దగ్గరి నర్సరీ టీచర్ ట్రైనింగ్ సర్టిఫికెట్లు ఈ లెక్కలోకి రావు. మాస్టర్స్ ప్రవేశానికే చాలా యూనివర్సిటీలు చదవడం, రాయడంలో 7, వినడం, మాట్లాడడంలో 8 అడుగుతాయి. మనవాళ్లు ఆగిపోయేది మాట్లాడడంలో ఆ 8 దగ్గరే. వ్యాకరణం బట్టీ పట్టి 7 వరకు వెళ్లొచ్చు, పైన ఆ ఒక్కటీ మాత్రం రోజూ మాట్లాడితేనే వస్తుంది. కాబట్టి మొదటి పరీక్ష రాసి చూశాకే మిగతా డబ్బు కదపండి.

డబ్బు సంగతి. స్టూడెంట్ వీసాకు ఏడాది జీవన ఖర్చుగా మీకు 29,710, మీవారికి 10,394, పాపకు 4,449 ఆస్ట్రేలియన్ డాలర్లు చూపాలి. బడి వయసు కాబట్టి పాప చదువుకు ఇంకో 13,502. మొత్తం 58,055. కోర్సు ఫీజు, విమాన ఛార్జీలు, ఆరోగ్య బీమా దీనికి అదనం. వీసా దరఖాస్తుకే 2025 జులై నుంచి 2,000 డాలర్లు. మీరు రెండు వారాలకు 48 గంటలే పనిచేయొచ్చు. మీరు మాస్టర్స్ మొదలుపెట్టాక మీవారికి గంటల పరిమితి ఉండదు, గ్రాడ్యుయేట్ డిప్లొమా అయితే ఆయనకూ 48 గంటలే. ఇల్లు గడవడంలో ఈ తేడా చిన్నది కాదు. కోర్సులో కనీసం 60 రోజుల ప్లేస్‌మెంట్, అంటే పిల్లల సెంటర్‌లో పని శిక్షణ ఉంటుంది. రోజంతా సెంటర్‌లో ఉండాలి, సాధారణంగా జీతం ఉండదు. ఆ వారాల్లో పార్ట్‌టైమ్ సంపాదన ఆగిపోతుందని చాలామంది బడ్జెట్‌లో రాసుకోరు, మూడో నెలలో అద్దె దగ్గర తడబడతారు.

ఇక పని. మీ ఉత్తరంలో ఇష్టం అంతా మీ పాప మీదే కనిపిస్తోంది. అక్కడ రెండేళ్లలోపు పిల్లలు నలుగురికి ఒక పెద్ద మనిషి చొప్పున ఉండాలి. మూడు దాటినవాళ్లయితే రాష్ట్రాన్ని బట్టి పది, పదకొండు మందికి ఒకరు. డైపర్లు మార్చాలి, నేల మీద కూర్చుని లేవాలి, మొదటి చలికాలమంతా పిల్లల జలుబులన్నీ మీకే. మధ్యలో ఏ పిల్ల ఏం నేర్చుకుంటోందో గమనించి రాయాలి. పలక మీద అక్షరాలు దిద్దించడం కాదు, ఆటలోనే నేర్పాలి. పిల్లను కొట్టడం, అనుచితంగా దండించడం అక్కడ చట్టరీత్యా నేరం. ‘ఒక్క ముద్ద తిను’ అని బలవంతపెట్టడం కూడా కుదరదు, మనకు ఇదే ఎక్కువ కష్టం!

అందుకని పది రోజులు సెలవు పెట్టి దగ్గర్లోని ప్లేస్కూల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా సహాయకురాలిగా ఉండండి. పాప చదివే చోట మాత్రం వద్దు. అక్కడ ఇంకొకరి పిల్ల గంటసేపు ఏడ్చినప్పుడు మీకు విసుగొచ్చిందా, ఆసక్తి కలిగిందా గమనించండి. విసుగే వస్తే మీకు కావాల్సింది వృత్తి మార్పు కాదు, ఈ టీమ్ నుంచో ఈ కంపెనీ నుంచో బయటపడడం. ఆసక్తి కలిగితే అక్కడ పనిచేసినట్టు ఓ లేఖ తీసుకోండి. తొమ్మిదేళ్ల సాఫ్ట్‌వేర్ తర్వాత ఈ కోర్సు ఎందుకని స్టూడెంట్ వీసా దరఖాస్తులో రాయాల్సి వస్తుంది, అప్పుడు అది పనికొస్తుంది.

మీవారు ‘ఆయా పని’ అన్నది ఎగతాళే, మీకు నొప్పి కలగడం సహజం. అయితే ఆ మాట వెనక భయం కూడా ఉంది: రెండు జీతాల ఇల్లు ఒక్కసారిగా అప్పుల ఇల్లు అవుతుందేమోనని. ఆ పనికి మాస్టర్స్ ఎందుకు కావాలో ఆయనతో వాదించకండి. పై లెక్కలన్నీ ఒక కాగితం మీద వేసి, ‘ముందు ఏసీఎస్, ఇంగ్లిష్ పరీక్ష. దీనికి మనకయ్యే ఖర్చు ఇంత. ఆరు నెలల తర్వాత మళ్లీ కూర్చుందాం’ అని ముందు పెట్టండి. పీఆర్ దారిలో ఆయన ఇంగ్లిష్ పరీక్షకు కూడా 5 పాయింట్లున్నాయి. ఆ పరీక్ష రాయమని అడగండి. ఒప్పుకుంటే సగం ఒప్పుకున్నట్టే.

అత్తగారి మాటకు కోపం తెచ్చుకోకండి, ఆవిడ సాయమే చేస్తానంటున్నారు. కానీ ఐదేళ్ల పిల్లను ఏళ్ల తరబడి వదిలి, రోజంతా ఇతరుల పిల్లలను ఎత్తుకోవడం ప్లేస్‌మెంట్ మొదటి వారంలోనే మిమ్మల్ని కుంగదీస్తుంది. తప్పనిసరైతే ఒక్క సెమిస్టర్ వరకే ఒప్పుకోండి, పాప వచ్చే తేదీకి టికెట్ ముందే తీసి ఉంచండి.