ఆ 18.5 పెద్దవాళ్ల గీత

ప్రశ్న: మా బాబుకు 11 ఏళ్లు. ఎత్తు 140 సెం.మీ., బరువు 36 కిలోలు. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె) 18.4 వచ్చింది. 18.5 లోపుంటే బక్కతనమేనని మా అత్తయ్యగారు రోజూ నెయ్యిముద్దలు కొసరి పెడుతున్నారు. – ఓ తల్లి, ఖమ్మం

జవాబు: బాబు బక్కగా లేడు తల్లీ! ఆ 18.5 హద్దు పెద్దవాళ్లకే. పిల్లలకు వయసు, ఆడామగా తేడా చూసి పర్సంటైల్ తీస్తాం. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ పట్టికలో మీవాడు 65–70 మధ్య ఉన్నాడు. అంటే ఆ పట్టిక ప్రకారం ఈడు మగపిల్లలు నూరుమందిలో 65కి పైగా బీఎంఐ ఇతనికంటే తక్కువ. అందులో 5 లోపైతే తక్కువ బరువు, 85 నుంచి అధిక బరువు. మన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015 పట్టికలో అధిక బరువు హద్దు ఇంకా కిందే. కొసరు నెయ్యి ఆపమనండి. ఆరు నెలలకోసారి చెప్పులు విప్పించి ఎత్తు, బరువు కొలిచి, బీఎంఐ లెక్కగట్టి, ప్రతిసారీ ఒకే పట్టికలో చుక్క పెట్టండి. గీత హఠాత్తుగా ఎగబాకినా, జారినా పిల్లల డాక్టరుకు చూపించండి.